కులం గడి, చట్టం మౌనం

ప్రైవసీ అనగానే అదేదో ఉన్నోళ్ల గొడవ అని మనోళ్లు కూడా కొట్టిపారేస్తుంటారు. పూట గడవనోడికి దాచుకోవడానికేముంది అంటారు. ఈ వాదన తప్పు. మనకు దాచుకునే ఆస్తి లేకపోవచ్చు. కానీ అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు, ఉద్యోగంలో చేరినప్పుడు, కులం ఎవరికి ఎప్పుడు చెప్పాలో మనమే తేల్చుకోగలగడం మనకు బతుకు సమస్య.

ఆ అవకాశాన్ని ఇవాళ ఆన్‌లైన్ ఫారాలు మింగేస్తున్నాయి. స్కాలర్‌షిప్ కావాలంటే ఈ-పాస్‌లో కుల ధ్రువపత్రం, ఆదాయం, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ ఇవ్వాలి. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలు ఆ కాగితాలన్నీ నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించుకుంటారు. పెళ్లి సంబంధాల సైట్లు కులం, ఉపకులం దాకా అడుగుతాయి. కులానికో సైటు నడిపే కంపెనీలూ ఉన్నాయి. ఊళ్లో నోటితో అడిగే ప్రశ్నే ఇక్కడ గడి అయింది. అందులో నింపింది ఎక్కడెక్కడికి పోతుందో నింపినోడికి తెలీదు.

పోతే ఏమవుతుంది? 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.3 లక్షల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు ఎవరైనా చూసేలా ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. కులం, మతం వారీగా వెతికి వాళ్ల ఇళ్లు ఎక్కడున్నాయో గుర్తుపట్టే వీలు కూడా అందులో ఉంది. కారంచేడు (1985), చుండూరు (1991) చూసిన నేల మీద ఇలాంటి జాబితా అంటే ఏమిటో వేరే చెప్పాలా? గూడెం ఎక్కడుందో ఊరికి ఎప్పుడూ తెలుసు, నిజమే. పట్నంలో నలుగురిలో కలిసి బతుకుతున్నోడి ఇంటికి కూడా ఇప్పుడు గూడెం గుర్తు పడుతోంది.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చింది. 2018లో శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదా, 2019 బిల్లు కులాన్నీ తెగనూ సున్నితమైన సమాచారం కింద చేర్చాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ విభాగాన్నే ఎత్తేసింది. దాని దృష్టిలో ఫోన్ నంబరూ కులమూ ఒకటే. సబ్సిడీలు, ధ్రువపత్రాల పేరుతో ప్రభుత్వం తన దగ్గరున్న సమాచారాన్ని మళ్లీ సమ్మతి అడక్కుండానే వాడుకునే వీలు కూడా ఇచ్చింది. కంపెనీలు సమ్మతి అడగాలంది, సరే. కాదంటే పని ఆగిపోయేవాడి సమ్మతి ఏం సమ్మతి? కులం వల్ల దెబ్బ తినని వాళ్ల అనుభవమే ఈ చట్టానికి కొలమానమైంది.

కులగణన కావాలనేది మీరే, కులం బయట పెట్టొద్దనేదీ మీరేనా అని కొందరు ఎద్దేవా చేస్తారు. జనాభాలో మనమెంతమందిమో లెక్క తీయడం వాటా కోసం. మనిషి పేరు, ఇల్లు, కులం ఒకేచోట కలిపి అందరికీ దొరకనివ్వడం వేరు. 1947లో స్టేట్స్ అండ్ మైనారిటీస్‌లో అంబేడ్కర్ మనిషికీ, ఇంటికీ, కాగితాలకూ అకారణ సోదాల నుంచి రక్షణ ఉండాలని ప్రతిపాదించారు. ఆ కాగితాలు ఇప్పుడు సర్వర్లలో ఉన్నాయి.

కాబట్టి కులాన్ని తిరిగి సున్నితమైన సమాచారంగా చట్టంలో చేర్చమని అడగాలి. పనైపోయాక వివరాలు చెరిపేయాలనే నియమం ప్రభుత్వానికీ వర్తించాలి. రిజర్వేషన్ కోసం చెప్పిన కులం రిజర్వేషన్‌కే ఉపయోగపడాలి. దళిత ఉద్యమం దీన్ని కంప్యూటర్ చదువుకున్నోళ్ల సంగతని వదిలేస్తే నష్టపోయేది రేపు ఆ ఫారం నింపబోయే మన పిల్లలే.