39 పళ్లా, 43 పళ్లా?

పాత జీపు కొన్నవాళ్లు ఇంజను గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. టైర్ల గురించీ మాట్లాడతారు. ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే ఇనప డబ్బా ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. బండి గుణం సగం అక్కడే తేలుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ మోసుకొచ్చిన వేగాన్ని తగ్గించి, లాగే సత్తువను పెంచి, పక్కలకు మళ్లించి చక్రాలకు అందించే క్రౌన్, పినియన్ల జోడీ ఉండేది అందులోనే. ఆ జోడీని మార్చి బండి నడకను మార్చే పని, నా లెక్కలో, ఇంజను బోరింగు కంటే నాజూకైన విద్య.

విల్లీస్ జీపుల్నే తీసుకుందాం. 1941 నుంచి 1945 దాకా యుద్ధం కోసం తయారైన ఎంబీ జీపు ఇరుసు రేషియో 4.88, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు 4.88 చుట్లు తిరగాలి. యుద్ధం ముగిసిన ఏడాదే అదే కంపెనీ రైతులను దృష్టిలో పెట్టుకుని సీజే-2ఏ తెచ్చింది. దాని రేషియో 5.38. నాగలి కట్టి నెమ్మదిగా లాగాల్సిన బండికి పరుగు కంటే పట్టు ముఖ్యం మరి. తర్వాత వచ్చిన సీజే-3బీకీ 5.38నే ఉంచారు. మహీంద్రా లైసెన్సు మీద మన దేశంలో ఏళ్ల తరబడి తయారు చేసింది ఆ సీజే-3బీనే.

ఈ అంకెల వెనక ఉన్నది వట్టి పళ్ల లెక్క. క్రౌన్‌కు 39 పళ్లు, పినియన్‌కు 8 ఉంటే 4.88. క్రౌన్‌కు 43, పినియన్‌కు 8 అయితే 5.38. అంటే పినియన్ రెండింట్లోనూ ఎనిమిది పళ్లదే. దాని పళ్లు లెక్కపెట్టి సంబరపడితే లాభం లేదు, క్రౌన్ పళ్లు లెక్కపెట్టాల్సిందే. హౌసింగ్ మూత బోల్టు కింద పళ్ల సంఖ్యలు కొట్టిన చిన్న రేకు బిళ్ల ఉండాలి. ఇన్నేళ్లలో అది ఏ మెకానిక్ చేతిలోనో రాలిపోయి ఉంటుంది. ఉన్నా, లోపలి సామాను ఎవరైనా మార్చి ఉంటే ఆ బిళ్ల చెప్పేది అబద్ధమే.

మూత విప్పకుండానే తేల్చే ఉపాయం ఒకటుంది, సుద్దముక్క చాలు. వెనక చక్రం ఒక్కదాన్నే జాకీతో లేపాలి. ముందు, వెనక షాఫ్టులకు సత్తువ పంచే ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో పెట్టాలి. ఈ జీపుల్లో హ్యాండ్‌బ్రేకు పట్టేది చక్రాన్ని కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టును. దాన్ని వదిలితేనే షాఫ్టు తిరుగుతుంది, వదిలితే బండి ఉరుకుతుంది. కాబట్టి నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టకుండా కిందికి దూరొద్దు. చక్రం మీదా షాఫ్టు మీదా సుద్దగీత గీసి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి. రెండు చక్రాలూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల, రెండో చక్రం కదలనప్పుడు క్రౌన్ సగమే తిరుగుతుంది గనక రెండు చుట్లు. షాఫ్టు అయిదు చుట్లు పూర్తి కావడానికి ఎనిమిదో వంతు ముందే ఆగితే 4.88. అయిదు దాటి ఇంకో చుట్టులో సగానికి కాస్త ఇవతల ఆగితే 5.38. రెండు ఆనవాళ్లకీ నడుమ సరిగ్గా అర చుట్టు తేడా. పొరబడడం కష్టం.

ముందు ఇరుసునూ ఇలాగే చూడాలి, ఎందుకంటే రెండూ కలవాలి. ఈ జీపు ట్రాన్స్‌ఫర్ కేసులో ముందు వెనకల తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు. ఫోర్ వీల్ వేస్తే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి. ముందు 4.88, వెనక 5.38 ఉన్న బండిలో వెనక చక్రాలు నూరు మీటర్లు నడిస్తే ముందు చక్రాలు నూటపది మీటర్లు నడవాలని పట్టుబడతాయి. బురదలో జారి సర్దుకుంటాయి. తారు రోడ్డు మీద ఆ మెలికంతా షాఫ్టుల్లో, పళ్లలో బిగుసుకుంటుంది. లీవరు ఇరుక్కుంటుంది, టైర్లు అరుగుతాయి, చివరికి ఎక్కడో ఒకచోట విరుగుతుంది. అందుకే రేషియో మార్పు అంటే రెండు ఇరుసుల ఖర్చు. ఒకటి ఇప్పుడు చేయించి రెండోది తర్వాత చూద్దాం అనుకునేవాళ్లు అంతదాకా ఫోర్ వీల్ లీవరు ముట్టుకోకూడదు.

ఇక అసలు పనితనం. క్రౌన్, పినియన్ జోడీగానే పుడతాయి. ఫ్యాక్టరీలో ఒకదాన్నొకటి రాపాడించి, రెండింటి మీదా ఒకే నంబరు వేస్తారు. ఒక జోడీలోని క్రౌన్‌ను మరో జోడీలోని పినియన్‌తో కలిపితే ఎంత గొప్ప మేస్త్రీ అయినా కూత ఆపలేడు. 43కీ 8కీ ఉమ్మడి కారణాంకం లేదు. అందువల్ల పినియన్‌లోని ప్రతి పన్నూ క్రౌన్‌లోని ప్రతి పన్నునూ వరసగా కలుస్తుంది, ఏ రెండు పళ్లూ ఎనిమిది క్రౌన్ చుట్లు తిరిగితే గాని మళ్లీ ఎదురుపడవు. అరుగుదల అన్నిటికీ సమానం. ఈ లెక్క వేసినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

సీజే-3బీ వెనక ఉండే డానా 44 ఇరుసులో సవరణ అంతా షిమ్ములతోనే. షిమ్ము అంటే పల్చని ఉక్కు ఉంగరం, దాన్ని కొలిచేది ఇంచీలో వెయ్యో వంతుల్లో. పినియన్ తల మీద ప్లస్ 2, మైనస్ 1 లాంటి అంకె చెక్కి ఉంటుంది. ఆ పినియన్ నిర్ణీత లోతుకు ఎన్ని వెయ్యో వంతులు అటూఇటూ కూర్చోవాలో చెప్పే గుర్తది. పాతదాని అంకె, కొత్తదాని అంకె చూసి, ఆ తేడా మేరకు షిమ్ము మార్చి మొదలుపెడతారు. మొదలు మాత్రమే సుమా. క్రౌన్‌ను మోసే కేరియర్ పక్క షిమ్ములు బేరింగుల వెనక దాక్కుంటాయి. సవరించిన ప్రతిసారీ బిగుతు బేరింగును పుల్లరుతో పీకాలి, పీకుతుంటే పాడవుతుంది. తెలివైన పనివాడు పాత బేరింగుల లోపలి రంధ్రాన్ని కాస్త అరగదీసి, చేత్తో తొడిగి చేత్తో తీసేలా చేసి దాచుకుంటాడు. కొలతలన్నీ వాటితో చూసుకుని, లెక్క కుదిరాకే కొత్త బేరింగును దించుతాడు. పని బల్ల మీద అలాంటి జత కనిపిస్తే ఆ షెడ్డులో బండి వదలొచ్చు.

పళ్ల మధ్య ఆటను డయల్ గేజ్ పెట్టి చూస్తారు. సాధారణంగా 6 నుంచి 10 వెయ్యో వంతులు ఉండాలి, అంటే రెండు మూడు తలవెంట్రుకల మందం. టన్ను పైచిలుకు బండిని గట్టెక్కించే పళ్లు ఇవి. గేజ్ సరే అన్నా మంచి మేస్త్రీ సరే అనడు. క్రౌన్ మీద నాలుగైదు పళ్లకు ప్రష్యన్ బ్లూ పూసి, క్రౌన్‌ను ఒక చేత్తో కాస్త ఆపుతూ పినియన్‌ను తిప్పుతాడు. రంగు ఎక్కడ చెరిగిందో అక్కడే పన్ను పన్నును తాకింది. మచ్చ పన్ను మొదట్లోకి దిగితే పినియన్ లోతు ఎక్కువైనట్టు. పన్ను పై అంచుకు పాకితే లోతు చాలనట్టు. పన్ను నడుమ కోడిగుడ్డు ఆకారంలో, లోపలి కొసకు ఒక పిసరు దగ్గరగా పడితే చేయి తీయొచ్చు. బరువు పడ్డాక మచ్చ బయటి కొస వైపు జరుగుతుందని అతనికి తెలుసు. ఆ జరగబోయే మేరకు చోటు ఇప్పుడే వదిలిపెడతాడు. ఈ పనిలో నాకు నచ్చేది ఈ ముందుచూపే. పళ్లకు రెండు ముఖాలు, వాటిలో బండిని ముందుకు లాగేది ఒకటి. ముందు ఇరుసు తిరగబడి కూర్చుంటుంది గనక అక్కడ బరువు మోసేది రెండో ముఖం. దాని మీది మచ్చను అక్కడ మరింత శ్రద్ధగా చూడాలి.

కుదరకపోతే అంతా విప్పి రెండు వెయ్యో వంతుల షిమ్ము తీసి మళ్లీ బిగించడమే. విసుగు లేనివాడి పని ఇది. మన లారీ షెడ్లలో రంగు పూయకుండా, చేత్తో ఊపి చూసి బిగించేవాళ్లూ ఉన్నారు. అలాంటి బండి యాభై కిలోమీటర్ల వేగం దాటగానే ఊళేస్తుంది.

బిగించాక జీఎల్-5 నూనె పోసి, కాసేపు నిదానంగా నడిపి, చల్లారనివ్వాలి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు వేయకూడదు, ఆ తర్వాత నూనె మార్చాలి.

ఫలితం ఎంత? చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు నడుస్తుందనుకుంటే, టాప్ గేరులో 80 కిలోమీటర్ల వేగానికి 5.38తో ఇంజను నిమిషానికి దాదాపు 3,250 చుట్లు తిరగాలి. 4.88తో 2,950 చాలు. హైవే మీద ఆ తేడా చెవికి తెలుస్తుంది. ఘాటు మీద, దుక్కిలో మాత్రం 5.38కే నా ఓటు. ఏది పెట్టించినా స్పీడోమీటరును మరిచిపోవద్దు. అది షాఫ్టు చుట్లనే లెక్కపెడుతుంది, ఇరుసు మారిన సంగతి దానికి తెలియదు. 5.38 తీసి 4.88 పెట్టిస్తే బండి 80లో పోతున్నా ముల్లు 73 దగ్గరే నిలబడుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసులోని ఆ చిన్న స్పీడోమీటర్ గేరును కూడా అదే రోజు మార్పించుకోండి.