వ్యసనశబ్దము : అర్థసంకోచము, చికిత్సావ్యవహారము

శబ్దార్థపరిణామమును గూర్చి వ్రాయువారు సాధారణముగా అర్థవ్యాకోచము, అర్థసంకోచము, సౌమ్యత, గ్రామ్యత అను భేదములను చెప్పి, ఉదాహరణములనిచ్చి విరమింతురు. ఆ మార్పువలన జీవించియున్న మనుష్యునకు కలుగు లాభనష్టములను విచారించుట అరుదు. ‘వ్యసనము’ అను శబ్దము అర్థసంకోచము నొందినదనియు, ఆ సంకోచము నేటి మానసికవైద్యమున రోగికి హాని చేయుచున్నదనియు, ఆ లోపమును పూరింపగల మాటలు వాడుకభాషయందే కలవనియు చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ పరిశీలనకు ప్రేరకమైన సందర్భము చిన్నది. నా పూర్వవిద్యార్థి యొకడు మాదాపూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేయుచున్నాడు. కొంతకాలము క్రిందట అతడు వైద్యుడిచ్చిన కాగితముతో నాయొద్దకు వచ్చినాడు. వెంట ఊరినుండి వచ్చిన తల్లి ఉన్నది. కాగితముపై ‘ఆల్కహాల్ యూజ్ డిజార్డర్, మోడరేట్’ అని వ్రాసియున్నది. “సార్, దీనిని అమ్మకు అర్థమయ్యేటట్లు చెప్పండి” అని అతడు కోరినాడు. నేను నోరు విప్పకమునుపే ఆమె అడిగినది: “అయ్యా, మా వాడు వ్యసనపరుడయినాడా, లేక వానికి జబ్బు చేసిందా? ఏదో ఒకటి చెప్పండి.” తెలుగు బోధించుటలో పదునెనిమిదేండ్లు గడపిన నేను ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పలేకపోతిని.

ఇట్టి సంకటము ఆ ఒక్క కుటుంబమునది కాదు. మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. తరువాత గచ్చిబౌలి, కొండాపూరు, రాయదుర్గముల వరకు సాఫ్ట్‌వేర్ కార్యాలయములు వ్యాపించినవి. ఇచ్చట పనిచేయు తెలుగువారిలో పెక్కుమంది పల్లెలనుండియు, చిన్న పట్టణములనుండియు వచ్చినవారు. వీరు ఉద్యోగము ఇంగ్లీషులో చేయుదురు. కష్టసుఖములు ఇంటివారితో తెలుగులో చెప్పుకొందురు. అమెరికా వేళల ననుసరించి రాత్రులు పనిచేయువారికి నిద్ర చెడును. నిద్రకై మద్యము నాశ్రయించినచో కునుకు త్వరగా పట్టును గాని, నిద్ర రెండవభాగము చెదరిపోవును. మరునాటి అలసట మరల మద్యమునకే త్రోవ చూపును. ఈ చక్రమును వైద్యుడు ఇంగ్లీషులో వర్ణించును. ఇంటివారు దానినంతయు ‘వ్యసనము’ అను ఒక్క మాటలోనికి మార్చుకొందురు. ఆ మాటకు వెరచి రోగి తన స్థితిని దాచుకొనును.

ఇక శబ్దమును పరిశీలింతము. ‘వి’ అను ఉపసర్గముతో కూడిన ‘అస్’ ధాతువునకు విసరివేయుట, చెదరగొట్టుట అని అర్థము. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఎనిమిదవ అధికరణము వ్యసనాధికారికము. అందు రాజు, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రము అను ఏడు ప్రకృతులకు వాటిల్లు ఆపదలు వ్యసనములు. కోటకును వ్యసనము కలుగును; బొక్కసమునకును కలుగును. మనుష్యుని శ్రేయస్సునుండి త్రోసివేయునది కావున వ్యసనమనియే కౌటిల్యుడు వ్యుత్పత్తి చూపినాడు. మద్యము, జూదము మున్నగునవి ఈ విశాలవర్గమున ఒక భాగము మాత్రమే. మనుస్మృతి ఏడవ అధ్యాయమున కామజములు 10, క్రోధజములు 8, మొత్తము 18 వ్యసనములు రాజునకు చెప్పబడినవి. వానిలో పగటినిద్ర యొకటి. ఆ లెక్కనుబట్టి రాత్రి షిఫ్టున పనిచేసి పగలు నిద్రించు ఉద్యోగులందరును వ్యసనపరులే కావలసివచ్చును. ఒక కాలమున రాజునకు విధించిన హెచ్చరికను మరియొక కాలమున రోగికి లక్షణముగా వాడుట ఎంత అసంగతమో దీనివలన తెలియుచున్నది.

తెలుగున ఈ శబ్దమునకు ‘దుఃఖము’ అను అర్థము చిరకాలము నిలిచినది. ‘వ్యసనపడు’ అనగా దుఃఖించుట. 1852 నాటి బ్రౌను నిఘంటువునందును ఈ అర్థము కలదు. అనగా ఆపద, దుఃఖము, దురలవాటు అను మూడర్థములు ఒక్క శబ్దమున ఇమిడియుండెను. నేటి పత్రికాభాషలో మొదటి రెండును దాదాపు లుప్తమైనవి, మూడవదే మిగిలినది. ఆపదలో చిక్కినవాడు, దుఃఖించువాడు అను భావములు తొలగిపోగా, తప్పు చేసినవాడు అను భావము మాత్రము ‘వ్యసనపరుడు’ అను మాటలో స్థిరపడినది.

ఈ సంకోచమునకు మన సాహిత్యమును కొంత తోడ్పడినది. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’, ‘మధుసేవ’ నాటకములు సంఘసంస్కరణాశయముతో వెలసినవి. రంగస్థలమునకు వేగము కావలెను. పతనము కన్నులకు కట్టవలెను. కావున అచ్చట త్రాగుబోతు ప్రేక్షకునకు గుణపాఠము. అతని అంతరంగమునకు తావు స్వల్పము. 1940లలో గోపీచందు ‘అసమర్థుని జీవయాత్ర’తో దృష్టి మారినది. సీతారామారావు పతనమునకు మద్యము కారణము కాదు. అతని అభిమానము, ఆత్మనింద, పనికి వెనుదీయుట ఒకదానినొకటి పెంచుకొనుచు పోవుటను రచయిత లోపలినుండి చూపినాడు. పాఠకుడు అతనికి ఒక పేరు పెట్టి ఊరకుండజాలడు. 1960లలో రాచకొండ విశ్వనాథశాస్త్రి సారాకథలు మద్యనిషేధచట్టము చుట్టును అల్లుకొన్న అమ్మకమును, పోలీసులను, న్యాయస్థానమును చూపి, దోషము త్రాగువాని ఒక్కనిది కాదని నిరూపించినవి. మనోవైద్యమునకు అవసరమైన దృష్టి ఈ విధముగ మన కథాసాహిత్యమున ఏర్పడినది గాని, మన పారిభాషికపదములలోనికి ప్రవేశింపలేదు.

నేడు మద్యపానమును కొలుచు కొలబద్దలు మూడు కలవు. మొదటిది చట్టము: రక్తము 100 మిల్లీలీటర్లలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నచో వాహనము నడపుట నేరము. ఇది ఒక రాత్రికి సంబంధించిన కొలత. రెండవది నీతి: త్రాగినాడా, లేదా అనునదే దాని ప్రశ్న. మూడవది వైద్యము. అమెరికా మనోవైద్యసంఘము 2013లో ప్రకటించిన ఐదవ నిర్ణయగ్రంథము 11 లక్షణములను చెప్పినది. పండ్రెండు నెలల కాలమున వానిలో రెండైనను ఉన్నగాని రుగ్మత అనరాదు. రెండు మూడున్నచో స్వల్పము, నాలుగైదున్నచో మధ్యమము, ఆరు, అంతకు మించినచో తీవ్రము. నా విద్యార్థి కాగితములోని ‘మోడరేట్’ అనుదానికి ఇదియే అర్థము. రోగనిర్ణయమును మన ఆయుర్వేదము నిదానము అన్నది. వాడుకలో నిదానమనగా తొందరపడకుండుట. ఈ విషయమున రెండర్థములును చెల్లును. తల్లి అడిగిన ‘ఇదియా, అదియా’ అను ప్రశ్నకు వైద్యశాస్త్రము ‘ఎంత’ అను ప్రశ్నతో బదులు చెప్పుచున్నది.

నీతి కొలబద్ద ఎచ్చట విఫలమగునో కల్తీకల్లు ఉదంతము తెలుపును. తెలంగాణమున కల్లులో అల్ప్రాజోలమ్, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపి విక్రయించుట చాలకాలముగ ఉన్నది. 2015లో ఆ కల్తీని అరికట్టినప్పుడు, అలవాటుపడినవారు మూర్ఛలతో, భ్రాంతులతో, వింతప్రవర్తనతో ఆసుపత్రులపాలైరి. హైదరాబాదు ఎర్రగడ్డ మానసికవైద్యాలయమునకును పెక్కురు వచ్చిరి. తాము దేనికి అలవాటుపడినదియు వారెరుగరు. 2025 జూలైలో హైటెక్ సిటీకి చేరువనున్న కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. వీరిని వ్యసనపరులనుటకంటె, ప్రాచీనార్థమున వ్యసనగ్రస్తులు, అనగా ఆపన్నులు, అనుట న్యాయము.

అనువాదపదములలో మరికొన్ని చిక్కులు కలవు. ‘టాలరెన్స్’ను సహనమని అనువదించినచో దోషము గుణమైపోవును. మునుపటి మోతాదు చాలకపోవుట దాని భావము. జనులు దీనిని ‘మునుపటివలె ఎక్కడము లేదు’ అని సూటిగా చెప్పుదురు. ‘విత్‌డ్రాయల్’ను ఉపసంహరణ అన్నచో సాహిత్యవిద్యార్థికి వ్యాసాంతము గుర్తునకు వచ్చును, ‘మానినప్పటి బాధ’ అన్నచో చాలును. ‘క్రేవింగ్’కు ‘యావ’ అను చక్కని మాట ఉన్నది. ‘మందు’ అను మాట మరింత ప్రమాదకరము: ఔషధమును మందే, మద్యమును మందే. ‘మందు మానవద్దు’ అని వైద్యుడు చెప్పినప్పుడు ఏది మానరాదో విడమరచి చెప్పవలసియున్నది. ‘కౌన్సెలింగ్’ అన్నంతనే మనవారికి ఇంజనీరింగు సీట్ల పంపకమో, త్రాగి బండి నడపి పట్టుబడినవారిని కుటుంబసభ్యుల యెదుట కూర్చుండబెట్టి పోలీసులు చేయు హెచ్చరికయో స్ఫురించును. చెప్పువాని మాటకంటె వచ్చినవాని మాటను ఎక్కువ వినుట ఆ ప్రక్రియకు ప్రాణమని ఆ మాట తెలుపుట లేదు.

అయినచో ‘వ్యసనము’నకు బదులు ఏమందుము? జనభాషలో మూడు మాటలు కలవు: త్రాగుడు ‘అలవాటైనది’, త్రాగుడు ‘మరిగినాడు’, త్రాగుడునకు ‘బానిస అయినాడు’. ఇవి మూడును క్రమముగా ముదిరిన స్థితులను సూచించును. ‘మరుగు’ ధాతువున పాపస్పర్శ లేదు. పాలు మరిగిన పిల్లిని ఎవరును పాపి అనరు. ఇంగ్లీషు ‘అడిక్షన్’కు మూలమైన లాటిన్ శబ్దము, అప్పు తీర్చలేక న్యాయాధికారి యాజ్ఞచే ఋణదాత వశమైనవానికి వాడబడినది. మన ‘బానిస’ అను మాటయు ఆ భావమునకే చేరినది. 1964లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణసంఘము ‘అడిక్షన్’ను విడిచి ‘డిపెండెన్స్’ను గ్రహింపవలెనని సూచించినది, దానికి ‘పరాధీనత’ తగిన పదము. శాస్త్రగ్రంథమున మద్యపరాధీనత, సంభాషణమున మరుగుట - ఇట్లు రెండు స్థాయిలను ఏర్పరచుట మేలు. అయితే మూడు జనపదములను వైద్యుని మూడు శ్రేణులతో సరిగ్గా జతపరుపరాదు. జనభాషది అనుభవము, వైద్యునిది గణన.

తప్పు అను భావమును తొలగించినచో బాధ్యతయు తొలగిపోదా అని కొందరు ప్రశ్నింపవచ్చును. ఇది త్రోసిపుచ్చరాని ప్రశ్న. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడినప్పుడు, భర్తల వ్యాధినిగాక తమ యిండ్లకు వచ్చిన ఆపదను చూచినారు. దెబ్బలు తిన్న భార్య యెదుట త్రాగువానిని కేవలము రోగి యనుట అన్యాయము. చేసిన హింసకు బాధ్యత ఎప్పుడును ఉన్నది. కాని నింద మాన్పించునా అనునది వేరు ప్రశ్న. అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు విలియం మిల్లర్ 1983నుండి ప్రతిపాదించిన సంభాషణపద్ధతి, ఎదిరించి వాదించినకొలది రోగి తన అలవాటునే సమర్థించుకొనుననియు, మానుటకు కారణములను అతనినోటనే పలికింపవలెననియు చెప్పుచున్నది. ఇది బాధ్యతను తొలగించుట కాదు. దానిని అతని చేతికి ఇచ్చుట.

2017 నాటి మానసికారోగ్య సంరక్షణచట్టము మద్యము, మాదకద్రవ్యముల దుర్వినియోగమునకు సంబంధించిన మానసికస్థితులను మానసికవ్యాధులలో చేర్చినది. చికిత్సకు సమ్మతి కోరునప్పుడు రోగికి తెలిసిన భాషలో, తెలిసిన రీతిలో విషయమును వివరింపవలెనని కూడ శాసించినది. 2022 అక్టోబరున ఆరంభమైన టెలిమానస్ 14416 సంఖ్యద్వారా తెలుగులోను మాటలాడుచున్నది. ఆ మాటలను సిద్ధపరుపవలసిన బాధ్యత వైద్యులది మాత్రమే కాదు. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకై ఉర్దూ అనువాదశాఖ వెలసినది ఈ నగరముననే. 1968లో తెలుగు అకాడమి స్థాపింపబడినదియు ఇచ్చటనే. వారు పాఠ్యగ్రంథములకు పదములు కూర్చినారు. వైద్యుని గదిలో పలుకదగిన పదములను సేకరించి, రోగుల కుటుంబములయొద్ద పరీక్షించి నిర్ణయించుట నేటి పరిశోధకవిద్యార్థులకు తగిన కార్యము.

నాడు ఆ తల్లికి ఆలస్యముగనైనను ఇట్లు చెప్పితిని: “అమ్మా, వాడు త్రాగుడు మరిగినాడు. అది జబ్బుగా మారినది, ముదిరిపోలేదు. చికిత్స ఉన్నది.” ఆమె కొంతసేపు ఊరకుండి, “అట్లయితే వీని నాన్నకు నేను చెప్పగలను” అన్నది.