బ్రేకర్‌కు ఎన్ని మార్కులు?

రాయ్‌పూర్ పరిసరాలు సున్నపురాయికి పేరు పొందినవి. 2012లో ఆ జిల్లా నుంచి విడిపోయిన బలోదా బజార్ వైపు సిమెంటు కర్మాగారాలు, వాటి క్వారీలు చాలా ఉన్నాయి. క్వారీలో పేలుడు తర్వాత మిగిలే పెద్ద బండలను ప్రొక్లెయిన్‌కు బిగించిన హైడ్రాలిక్ బ్రేకర్ పగలగొడుతుంది. అదే రాయి సిమెంటై, కాంక్రీటై, నగరంలో ఆయుష్షు తీరాక దాని మీదికి వచ్చేదీ ఇదే యంత్రం. పాత యంత్రాల కంటే ఇది ఎంత మెరుగు? వేగం ఒక్కటే చూసి మార్కులు వేయడం సరికాదు.

అమెరికా ఇంజనీరు చార్లెస్ బ్రాడీ కింగ్ తన గాలి సుత్తిని 1893లో చికాగో ప్రదర్శనలో చూపించాడు. కంప్రెసర్ పంపే గాలి లోపలి పిస్టన్‌ను ముందుకూ వెనక్కూ నెడుతుంది. పిస్టన్ ఉలిని కొడుతుంది. నేటి జాక్‌హ్యామర్ సూత్రమూ ఇదే. నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలు! న్యూటన్ మూడో సూత్రం గుర్తుందా? ప్రతి దెబ్బకూ ప్రతిచర్య ఉంటుంది. దానిలో కొంత భాగం పట్టుకున్న చేతులకు చేరుతుంది. 1918లో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ అమెరికాలోని బెడ్‌ఫర్డ్‌లో సున్నపురాయి చెక్కే కార్మికులను పరీక్షించి, వారి వేళ్లు తెల్లబడి మొద్దుబారుతున్నాయని రాశారు. తెల్లబడటం చలిలో బయటపడుతుంది. మనది వేడి దేశం కదా అని ఊరుకోవడానికి లేదు. నరాలు దెబ్బతినడానికి చలి అక్కర్లేదు.

1967లో జర్మనీకి చెందిన క్రుప్ కంపెనీ తెచ్చిన హైడ్రాలిక్ బ్రేకర్ గాలికి బదులు నూనె పీడనాన్ని వాడింది. మనిషి క్యాబిన్‌లో కూర్చున్నాడు, చేతులు బతికాయి. ఇక్కడ పూర్తి మార్కులు వేయవచ్చు. కాని మేడ మీది గదిలోకి ప్రొక్లెయిన్ ఎక్కదు. అక్కడ నేటికీ చేతి బ్రేకరే. కంప్రెసర్ పోయి కరెంటు మోటారు వచ్చింది, అంతే.

దుమ్ము సంగతికి వస్తే మార్కులు బాగా తగ్గుతాయి. కంకర సున్నపురాయిదే అయినా ఇసుకలో సిలికా ఉంటుంది. కంటికి కనబడనంత సన్నని ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. ఉలి మొన వద్ద నీళ్లు చల్లితే చాలావరకు అణుగుతుంది. ఇంత చౌకైన ఉపాయాన్ని లక్షల యంత్రం పక్కన మరిచిపోవడం విడ్డూరం. ఇంకో లోపం కూడా ఉంది. వంతెనలో పాడైన భాగాన్నే తీయవలసినప్పుడు బ్రేకర్ దెబ్బ మిగిలే కాంక్రీటులోనూ సన్నని పగుళ్లు తెస్తుంది. అలాంటి పనికి అధిక పీడనంతో చిమ్మే నీటిధార మేలు. ఇనుప కడ్డీలు చెక్కుచెదరవు.

అసలు కొట్టడమే అవసరమా? నొక్కుడును తట్టుకునే శక్తిలో సుమారు 10వ వంతు మాత్రమే కాంక్రీటు లాగుడును తట్టుకోగలదు. ఈ బలహీనత మీదే ఆధారపడిన పొడి ఒకటి ఉంది. అందులో ముఖ్యమైనది పొడిసున్నం, అంటే కాల్చిన సున్నపురాయే! రంధ్రాలు వేసి, నీటితో కలిపి పోస్తే తడిసున్నంగా మారుతూ ఉబ్బి, కాంక్రీటును లోపలి నుంచి చీలుస్తుంది. మోత లేదు, అదురు లేదు. దుమ్ము రంధ్రాలు వేసేటప్పుడే. అయితే ఒక రోజు వరకు ఆగాలి. కడ్డీలను వేరే కోయాలి. రాయ్‌పూర్ మే నెల ఎండల్లో మరో చిక్కు: వేడికి చర్య వేగం పెరిగి, రంధ్రంలోని ముద్ద ఒక్కసారిగా పైకి చిమ్మి కళ్లను కాల్చవచ్చు. అందుకే ఈ పొడిని ఉష్ణోగ్రతను బట్టి వేర్వేరు రకాలుగా అమ్ముతారు. శీతకాలపు రకాన్ని వేసవిలో వాడకూడదు. పోసిన రంధ్రం మీదికి వంగి చూడకూడదు.