సభకు తగిన పాట

దక్షిణాఫ్రికా జాతీయగీతం వినిపించగానే మనమందరం లేచి నిలబడతాము. ఆ గీతం ఎట్లా కూర్చబడినదో కొంచెం పరిశీలించినచో మన తెలుగు సభలకు పనికివచ్చే పాఠం ఒకటి అందులో ఉన్నది.

అది రెండు పాటల కలయిక. మొదటిది 1897లో ఇనోక్ సొంటోంగా కట్టిన 'ఎన్కోసి సికెలెలి ఆఫ్రికా'. ఆయన మెథడిస్టు మిషను బడిలో ఉపాధ్యాయుడు. పాట పుట్టుకతోనే క్రైస్తవ కీర్తన. రెండవది లాంగెన్‌హోవెన్ 1918లో రాసిన 'డీ స్టెమ్', పాత ప్రభుత్వపు గీతం. 1997లో రెండింటినీ కుదించి అయిదు భాషలలో ఒకటిగా చేశారు. ఆ కుదింపులోనే నేర్పు ఉన్నది. మొదటి పాటలో పరిశుద్ధాత్మను పిలిచే భాగం ఇందులో లేదు. రెండవ పాట చివరి చరణంలోని ప్రార్థన కూడా లేదు. మిగిలిన గీతంలో మొదటి సగం దేవుణ్ణి వేడుకొంటుంది; రెండవ సగంలో ఆకాశం, సముద్రం, కొండలు, కలిసి నిలబడదామనే పిలుపు మాత్రమే ఉన్నవి.

మా దృష్టిలో ఇది సగం చేసిన పని. అయినా కీర్తనగా పుట్టిన పాట స్వాతంత్ర్య పోరాటంలో పాడగా పాడగా చర్చి గోడలు దాటి ప్రజల సొత్తయినది. కనుక ఆ సగాన్ని మేము తప్పుపట్టము. మన వేదికలపై ఆ సగం పని కూడా జరగలేదన్నదే మా బాధ.

1860 నవంబరు 16న మద్రాసు నుండి 'ట్రూరో' ఓడ నేటాలు చేరినది. 1911 వరకు వచ్చినవారు 1,52,184 మంది. వారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఉన్నారు. 1903లో నెల్లూరు నుండి రెవరెండు జాన్ రంగయ్య గారు వచ్చి, కియర్స్‌నీ తేయాకు తోటలలోని తెలుగు బాప్టిస్టులను ఒక సంఘంగా కూర్చారు. వారూ తెలుగులోనే ప్రార్థించారు. ఆ తరం మనుమలు నేడు మన సభకు వస్తే, గణపతి స్తుతితో, హారతితో సభ మొదలుకాగానే సొంత ఇంట అతిథులవుతున్నారు. 1996 నాటి మన రాజ్యాంగం 15వ సెక్షను, ప్రభుత్వ సంస్థలలో ప్రార్థనకు హాజరు కావడం స్వేచ్ఛగా ఉండాలన్నది. అందరూ లేచి నిలబడిన హాలులో ఒక్కడు కూర్చోగలడా?

అన్ని మతాల ప్రార్థనలూ వరుసగా పెడదామని కొందరంటారు. 1994 మే 10న మండేలా ప్రమాణ స్వీకారంలో నాలుగు మతాలవారు ప్రార్థించారు. ఆనాటికి అది గొప్ప సంకేతమే. కాని ఆ వరుసలో ఏ మతమూ లేనివానికి చోటు లేదు.

భజనలు తీసివేస్తే మనకు తెలుగు పాట ఏమి మిగులుతుందని పెద్దలు అడుగుతారు. ఇది తేలికగా తోసివేయదగిన ప్రశ్న కాదు. తోటలలో మన భాషను నిలిపినవాటిలో రామభజన ముఖ్యమైనది. అందుకే దానిని తక్కువ చేయరాదంటున్నాము. తాళాలతో, ఒకరు అంటే పదిమంది అందుకొనే భజన తెల్లవార్లూ సాగవలసినది. దానిని మూడు నిమిషాలకు కత్తిరించి మేయరు గారి ఉపన్యాసానికి ముందు పెడితే భక్తీ మిగలదు, సంగీతమూ మిగలదు.

సభకు తగిన పాటలు మనకు లేకపోలేదు. శంకరంబాడి సుందరాచారి గారి 'మా తెలుగు తల్లికి' మధురమైనదే. కాని అందులో భాష దేవతయై హారతి అందుకొంటుంది. గురజాడ అప్పారావు గారి 'దేశభక్తి' 1910 నాటిది, అప్పటికింకా కూలీల ఓడలు వస్తూనే ఉన్నవి. దేశానికి మనుషులే అర్థమని, మతాలు అన్నదమ్ములవలె మెలగాలని చెప్పే ఆ గేయం ఎవరినీ బయట నిలబెట్టదు. మన పూర్వులలో చాలామంది విశాఖపట్నం, గంజాం జిల్లాలవారు, గురజాడ విజయనగరంవాడు. ఆ నుడి మనకు పరాయిది కాదు. మన అవ్వలు పాడిన ఊయల పాటలు, నాట్ల పాటలు కూడా ఉన్నవి.

రాబోయే నవంబరు 16న ఉదయం ఎవరి గుడిలో, ఎవరి చర్చిలో, ఎవరి మసీదులో వారు ప్రార్థించుకొందురు గాక. సాయంత్రం సభను మాత్రం ఓడ దిగినవారి పేర్లు చదివి, గురజాడ గేయంతో ప్రారంభించవలెనని సంఘాల పెద్దలను కోరుతున్నాము.