మెయిల్ కన్నా ముందు నోటిఫికేషన్

పీహెచ్‌డీ చివరికొచ్చేసరికి మన స్కాలర్లలో చాలామంది యూనివర్సిటీ వెబ్‌సైట్ల నుంచి ప్రొఫెసర్ల మెయిల్ ఐడీలు ఏరి, ఒకే ఉత్తరాన్ని వందమందికి పంపుతారు. స్వీడన్‌లో పోస్ట్‌డాక్ కావాలనుకునేవారు ఆ సమయమంతా నోటిఫికేషన్లు చదవడానికి పెట్టాలన్నది నా వాదన. 1477 నాటి ఉప్సాలా యూనివర్సిటీ అయినా, 1666 నాటి లుండ్ యూనివర్సిటీ అయినా ప్రభుత్వ సంస్థలే. జీతం ప్రొఫెసర్ తెచ్చిన గ్రాంటులోంచి వచ్చినా ఉద్యోగం ఇచ్చేది యూనివర్సిటీ. ఖాళీని బహిరంగంగా ప్రకటించి, అనుభవాన్నీ సామర్థ్యాన్నీ చూసి ఎంచుకోవాలన్నది అక్కడి నియమం. మెయిల్ ఎంత నచ్చినా, చాలా సందర్భాల్లో ఆ ప్రొఫెసర్ చెప్పగలిగేది ‘ప్రకటన వస్తే దరఖాస్తు చేయండి’ అనే.

ఇక ఆ ప్రకటనను నిదానంగా చదవాలి. తప్పనిసరి అర్హతలు ఒకచోట, ఉంటే మంచిదనే అర్హతలు మరోచోట ఉంటాయి. కవర్ లెటర్ వాటికి వరుసగా జవాబివ్వాలి. పీహెచ్‌డీ వచ్చి, దరఖాస్తు గడువు నాటికి మూడేళ్లు దాటనివారికి ప్రాధాన్యం అని ఒక వాక్యం ఉంటుంది. అది చూసి నాలుగేళ్లయిన వాళ్లు వెనక్కి తగ్గుతారు. కానీ ఆ వెంటనే, అనారోగ్యం వల్లనో బిడ్డ కోసమో సెలవు తీసుకుంటే ఆ కాలాన్ని మినహాయిస్తామనీ రాసి ఉంటుంది. కాన్పు తర్వాత ఏడాది ఆగిపోయిన మన అమ్మాయిలు ఆ రెండో వాక్యం దాకా చదవాలని నా తపన. ఇంకోటి: డిగ్రీ నియామక నిర్ణయం నాటికి ఉంటే చాలని చాలా ప్రకటనల్లో ఉంటుంది. థీసిస్ సబ్మిట్ చేసి వైవా కోసం నెలల తరబడి ఎదురుచూసేవారికి అది పెద్ద వెసులుబాటు. వైవా ఎప్పుడు జరగవచ్చో కవర్ లెటర్‌లోనే చెప్పేయాలి.

‘ముందే ఎవరినో అనుకుని ప్రకటన ఇస్తారు కదా’ అనేవారున్నారు. అలా జరగదని నేను అనను. అర్హతలు ఒక్క మనిషి కొలతలకు కుట్టినట్టుంటే అనుమానించాల్సిందే. అయితే స్వీడన్‌లో ప్రభుత్వ పత్రాలు చూసే హక్కు ప్రజలకుంది, అది 1766లోనే వచ్చింది. మన సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. కాబట్టి అక్కడ, ప్రకటనలో ఉండే రిఫరెన్సు నంబరు చెప్పి, ఎంపికైన వ్యక్తి దరఖాస్తును అడగవచ్చు. నిపుణులు అంచనా రాసి ఉంటే దాన్నీ అడగవచ్చు. ఎందుకని కారణం చెప్పనక్కర్లేదు. ఉద్యోగం రాకపోయినా, ఎక్కడ తగ్గామో దాన్నిబట్టి తెలుస్తుంది. తర్వాతి దరఖాస్తుకు అంతకన్నా మంచి పాఠం దొరకదు.

ప్రొఫెసర్‌కు ఉత్తరం రాయాల్సిన సందర్భం లేకపోలేదు. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు ఆతిథ్యమిచ్చే ప్రొఫెసర్ ముందే ఒప్పుకోవాలి. గడువు సాధారణంగా సెప్టెంబరులో కాబట్టి వేసవిలోనే రాయాలి. వందమందికి కాదు, ఎవరి పేపర్లు నిజంగా చదివారో వాళ్లకే. స్వీడన్‌లో ఏదైనా అవకాశం వస్తే మాత్రం, అది ఉద్యోగమా స్టైపెండా అని సూటిగా అడగాలి. స్టైపెండ్‌పై పన్ను ఉండదని సంబరపడతారు. కానీ ఉద్యోగంతో వచ్చే పెన్షన్ జమ అందులో ఉండదు, జబ్బు చేసినప్పుడూ బిడ్డ పుట్టినప్పుడూ ఉద్యోగికి దక్కే రక్షణా దక్కకపోవచ్చు.