‘స్ఫటిక పరిమాణ స్థిరత్వం’ - ఒక పారిభాషిక పదబంధ పరిశీలన

‘స్ఫటిక పరిమాణ స్థిరత్వం’ అనే సమాసంలో వ్యాకరణ దోషం లేదు. చిక్కు అర్థంలోనే ఉంది. ఈ మాట చదివిన పాఠకుడు ఒక స్ఫటికం ఉన్నంతలోనే ఉండిపోవడాన్ని ఊహిస్తాడు. పరిశ్రమలో జరిగేది వేరు. నిరంతరం ద్రావణం వచ్చి పోయే స్ఫటికీకరణ పాత్రలో ప్రతి స్ఫటికమూ పుడుతుంది, పెరుగుతుంది, బయటికి పోతుంది. నిలవవలసింది చిన్నా పెద్దా స్ఫటికాల పాళ్లు. అంటే గణాంకశాస్త్రం ‘విభాజనం’ అనేదే ఈ సమాసంలో లోపించింది.

ఈ లోపం చిన్నది కాదు. అమ్మోనియం సల్ఫేటు వంటి లవణాల తయారీలో అతిసంతృప్తత హద్దు మీరితే ఒక్కసారిగా అసంఖ్యాకంగా కేంద్రకాలు పుడతాయి. అవి పెరుగుతూ ద్రావణంలోని లవణాన్ని లాగేసుకోవడంతో కొత్త పుట్టుకలు తగ్గుతాయి. ఆ తరం ముదిరి పాత్రను వీడేసరికి లవణాన్ని అందుకొనే ఉపరితలం చాలదు. అతిసంతృప్తత పెరిగి మళ్లీ పుట్టుకల వెల్లువ వస్తుంది. బయటి పరిస్థితులేవీ మారకపోయినా ఈ చక్రం సాగవచ్చు. ఫలితంగా సరుకు కొంతసేపు సన్నగా, కొంతసేపు ముతకగా వస్తుంది. సన్నపొడి వడపోతకు అడ్డుపడుతుంది, బస్తాల్లో గడ్డకడుతుంది. పెద్ద స్ఫటికాలనే ఏరి బయటికి పంపే ఏర్పాటు ఈ ఒడుదొడుకులను తగ్గించకపోగా పెంచగలదు. రాండాల్ఫ్, లార్సన్‌ల 1971 నాటి గ్రంథం స్ఫటికాల లెక్కను జననాలు, నిష్క్రమణలు గల జనాభా లెక్కగా చూసింది. తెలుగు సమాసంలో ఆ జనాభా కనిపించదు, ఒక రాయి మాత్రమే కనిపిస్తుంది.

తెలుగుకు ఈ చలనాన్ని చెప్పే శక్తి లేదనలేము. ‘స్ఫటికం’ నుంచి వచ్చిన ‘పటిక’ వస్తువు పేరుగా మిగిలిపోయినా, ‘నెయ్యి పూసకట్టింది’ అన్న వాడుకలో స్ఫటికీకరణం క్రియగా బతికి ఉంది. నెమ్మదిగా చల్లారితే పూస పెద్దదవుతుందన్న ఎరుకా ఇళ్లలో ఉన్నదే. అయితే గిన్నెలోని పూస ఒకసారి కట్టి ఆగుతుంది. రాకపోకలున్న పాత్రకు ఆ మాటను యథాతథంగా అంటగట్టడం తొందరపాటే.

ఇంతకన్నా పనికివచ్చేది ‘నిలకడ’. ‘స్థిరం’ కదలనిదాన్ని స్ఫురింపజేస్తుంది. రోగి ఆరోగ్యం నిలకడగా ఉందని పత్రికలు రాసినప్పుడు ఊపిరి ఆగిందని ఎవరూ అనుకోరు. ‘స్ఫటిక పరిమాణాల పాళ్లలో నిలకడ’ సమాసమంత బిగువుగా లేకపోవచ్చు. పాత్రలో జరిగేదాన్ని మాత్రం అదే చెబుతుంది.