జక్కన కథలో మరచిన ఉలి

శిల్పిని గూర్చి కథ చెప్పుట సులభము. శిల్పి చేయు పనిని గూర్చి చెప్పుట కష్టము. తెలుగువారు నేటికిని ఆదరముతో తలచుకొను ‘అమరశిల్పి జక్కన్న’ చిత్రమును ఈ దృష్టితో పరిశీలింపవలెనని మా సంకల్పము.

బి. ఎస్. రంగా దర్శకత్వమున 1964లో వెలువడిన ఈ చిత్రమునందు అక్కినేని నాగేశ్వరరావు, బి. సరోజాదేవి నాయికానాయకులు. అదే సంవత్సరమున రంగాగారే కల్యాణకుమార్ నాయకుడుగా ఈ కథను కన్నడమునను చిత్రించిరి. ఇరుగుపొరుగు భాషల నడుమ కాపురముండు మనబోటివారికి ఇది సంతోషకరమే. సాలూరి రాజేశ్వరరావు సంగీతము, ఘంటసాల కంఠము, నల్లరాతిని గూర్చి సి. నారాయణరెడ్డి వ్రాసిన పాట, వీని విషయమున మాకు ఆక్షేపణ లేదు. ఆక్షేపణ వేరొకటి గలదు. ప్రేమ, అనుమానము, వియోగము, తండ్రీకొడుకుల కలయిక, వీనితోనే చిత్రము నిండినది. రాయి వెనుకతెరగా మిగిలినది.

మూలకథ అట్టిది కాదు. జక్కన చెక్కిన విగ్రహమున దోషము గలదని ఒక యువకుడు పలుకును. విగ్రహమంతటను చందనము పూయుదురు. తక్కినచోట్ల పూత ఆరిపోవును. నాభివద్ద మాత్రము తడి ఆరదు. అచట ఉలి తాకింపగా నీరును, కప్పయు వెలువడును. ఆడిన మాట ప్రకారము జక్కన తన కుడిచేతిని నరికికొనును. ఆ యువకుడు తన కుమారుడేయని పిదప తెలియును. బేలూరునందలి కప్పె చెన్నిగరాయ ఆలయమునకు ఆ పేరు ఇందువలననే వచ్చినదందురు. తుమకూరు సమీపమునగల కైదాళ, పోయిన చేయి తిరిగి వచ్చిన చోటని చెప్పుకొందురు.

ఈ ఘట్టమును చూచునప్పుడు మన మనస్సు తండ్రీకొడుకుల మీదికే పోవును. కాని ఇది ముందుగా రాతిపరీక్ష. కుమారుడు గెలిచినది వరబలమున కాదు; తడిసిన రాయి ఎట్లుండునో ఎరిగినందున గెలిచెను. తండ్రి ఓడినది చెక్కుటలో కాదు; వృత్తిలో మొదటి పనియైన రాయి ఎంచుటలో ఓడెను. ఈ కథను అల్లినవారు ఎవరైనను రాతిపనిని దగ్గరనుండి చూచినవారే యని మా నమ్మకము.

రాతిపనివాని పని ఉలితో కాదు, చెవితో ఆరంభమగును. సుత్తితో తట్టగా గంటవలె మ్రోగిన రాయి మంచిది. బొంగురుగా పలికినచో లోపల పగులో, బోలుతనమో ఉన్నట్లు. పిదప రాతి వాలు చూడవలెను. రాయి ఒక దిక్కున సులువుగా చీలును, మరియొక దిక్కున మొరాయించును. గీతవెంబడి వరుసగా గుంటలు తొలిచి ఇనుప చీలలు దిగవేయుదురు. ఒక్క చీలనే బలముగా కొట్టినచో రాయి వంకరగా పగులును. అన్నింటిని వరుసగా, సమముగా, కొద్దికొద్దిగా కొట్టవలెను. చప్పుడు మారిన కొలది రాయి విచ్చుచున్నదని పనివాడు గ్రహించును. తరువాత ఒక ముఖమును చదునుచేసి, దానినిబట్టి తక్కిన ముఖములను దారముతోను, మూలమట్టముతోను సరిచూచుకొనును. గట్టి నల్లరాతిమీద ఉలిమొన త్వరలో మొద్దుబారును. దానిని కొలిమిలో కాచి, సాగగొట్టి, నీట ముంచి పదునుపెట్టవలెను. పదును మించినచో మొన విరుగును, చాలనిచో వంగును. ఇది నిత్యకృత్యము.

బేలూరు శిల్పుల సన్నని పనికిని మూలము రాయి ఎంపికయే. వారు వాడినది బలపపురాతి జాతి. గనినుండి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలిన కొలది గట్టిపడును. విగ్రహముల మెడలోని హారములను విడివిడిగా చెక్కగలుగుటకు చేతినేర్పుతోపాటు ఈ ఎరుకయు కారణము.

జక్కన చరిత్రపురుషుడని నిశ్చయించుటకు తగిన ఆధారములు లేవని చరిత్రకారులందురు. కాని 1117లో విష్ణువర్ధనుడు ప్రతిష్ఠించిన బేలూరు ఆలయమున నిజమైన పేర్లు చెక్కబడియున్నవి. బళ్లిగావెకు చెందిన దాసోజ, అతని కుమారుడు చావణ అందు ముఖ్యులు. సోమనాథపుర ఆలయమున మల్లితమ్మ పేరు గలదు. ఒకే ఆలయమున పనిచేసి తమ పేర్లు చెక్కుకొనిన తండ్రీకొడుకులు కథలోని తండ్రీకొడుకులకంటె తక్కువవారు కారు. వారి మధ్య శాపము లేదు, పందెము లేదు. తండ్రినుండి కుమారునికి సంక్రమించిన పని మాత్రము గలదు. చిత్రకథకు అది చాలదని తోచియుండవచ్చును. మాకు అదియే గొప్పకథ.

మనకు సంబంధించిన మాట ఇంకొకటి గలదు. తరతరములుగా రాయి కొట్టుట, మన్ను త్రవ్వుట వృత్తిగాగల వడ్డెరలు కర్ణాటకమున భోవులని, తమిళనాట ఒడ్డరులని, మహారాష్ట్రమున వడార్లని పిలువబడుచున్నారు. వారిలో అనేకుల ఇంటిభాష నేటికిని తెలుగే. మన సంఘముల సభలలో జక్కన పాట పాడుచున్నాము. ఉలి పట్టిన ఇంటి తెలుగును వినుటకు మాత్రము ఒక సాయంకాలమును కేటాయింపము. రాతిపనికి సంబంధించిన పేర్లు, కొలతలు, సామెతలు వారి పెద్దల నోళ్లలో ఉన్నవి. యంత్రపు రంపములు వచ్చిన పిమ్మట ఆ పని తగ్గుచున్నది. పనితోపాటు మాటయు పోవును.

చిత్రము మంచిదే, పాటలు మరింత మంచివి. అయినను జక్కన పేరిట మనము చేయదగిన పని చిత్రము చూచుటతో ముగియదు. రాబోవు సంచికలో ఒక రాతిపనివాని మాటలను అతని మాటలలోనే అచ్చువేసినచో, ఆ కథకు మనము చేసిన న్యాయము అదియే యగును.